పరిశ్రమ అడిగిందల్లా కళాశాలే నేర్పాలా?

ఉన్నత విద్యకూ ఉద్యోగాలకు కావలసిన నైపుణ్యాలకూ పొంతన కుదరడం లేదన్న విషయం మీద ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు వచ్చాయి. బోధించేవారు, చదువుకొనేవారు, ఉద్యోగాలిచ్చేవారు ఎవరికి వారు అవతలివారిని వేలెత్తి చూపుతున్న ఉత్తరాలే వాటిలో ఎక్కువ. కొన్నిటిని ఎంచుకొని ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. ఒకే సందేహాన్ని వేర్వేరు మాటల్లో అడిగిన వారి ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా కుదించాను.

ప్రశ్న: నేను మా విశ్వవిద్యాలయంలో సిలబస్‌ను నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో సభ్యుణ్ని. సిలబస్ సవరించే ప్రతిసారీ పరిశ్రమ ప్రతినిధులు వచ్చి అప్పటికి వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్ల పేర్లు చెబుతారు. వాటికి చోటు కల్పించడానికి మౌలిక పాఠ్యాంశాలను కుదించవలసి వస్తోంది. తీరా ఆ సిలబస్ చదివిన బ్యాచ్ బయటికి వచ్చేసరికి పరిశ్రమ మరో పేరు చెబుతోంది. ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి?
— కంప్యూటర్ సైన్స్ ఆచార్యులు ఒకరు

జవాబు: ముందుగా కాలం లెక్క చూద్దాం. ఈ ఏడాది బోర్డు ఆమోదించిన సిలబస్ వచ్చే ఏడాది చేరే విద్యార్థులకు వర్తిస్తుంది. కొత్తగా చేర్చిన పాఠ్యాంశాన్ని చదివిన మొదటి విద్యార్థి ఉద్యోగంలో చేరేది సుమారు ఐదేళ్ల తరువాత. ఆ సిలబస్ మరో నాలుగేళ్లు అమలులో ఉంటే, దానితో చదివిన చివరి బ్యాచ్ బయటికి వచ్చేసరికి పదేళ్లు దగ్గరపడతాయి. అంటే ఒక పూట సమావేశంలో మీరు తీసుకొనే నిర్ణయం ఐదు నుంచి పదేళ్ల తరువాతి పనుల గురించి. ఎదురుగా కూర్చున్న ప్రతినిధి మాట్లాడేది మాత్రం రాబోయే కొద్ది నెలల్లో తన సంస్థ భర్తీ చేయవలసిన ఖాళీల గురించి. ఆయన చెప్పేది అబద్ధం కాదు. ఆయన ఉద్యోగ ధర్మం ఆయనకు అంతవరకే చూపిస్తుంది.

వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు చేయడానికి వాడిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. యానిమేషన్, వెబ్ డిజైన్ కోర్సులన్నిటిలోనూ ఒక దశలో దానికే పెద్దపీట వేశారు. అడోబీ సంస్థ 2017లో ముందుగా ప్రకటించి, 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు మద్దతు నిలిపివేసింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఏ మెనూ కింద ఏ ఆదేశం ఉందో మాత్రమే నేర్చినవారు మళ్లీ మొదటి మెట్టు దగ్గర నిలబడ్డారు. ఒక వస్తువు కదలికలో వేగం ఎక్కడ పుంజుకోవాలి, ఎక్కడ తగ్గాలి, ఫ్రేముల మధ్య వ్యవధిని ఎలా పంచాలి అన్నవి దాని ద్వారానే నేర్చినవారు కొద్ది వారాల్లో మరో సాఫ్ట్‌వేర్‌కు మారిపోగలిగారు.

అలాగని పనిముట్లన్నీ మూడునాళ్ల ముచ్చటే, సిద్ధాంతాలే శాశ్వతం అని గీత గీసేయడం కూడా సరికాదు. డేటాబేస్‌లోని సమాచారాన్ని అడిగి రాబట్టే భాష ఎస్‌క్యూఎల్‌ను చూడండి. అదీ ఒక పనిముట్టే. సమాచారాన్ని పట్టికల రూపంలో అమర్చే, 1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా మీద ఆధారపడి, 1974లో ఐబీఎంలో చాంబర్లిన్, బాయ్స్ దాని తొలి రూపాన్ని ప్రచురించారు. అర్ధ శతాబ్దం దాటినా ఉద్యోగ ప్రకటనల్లో దాని పేరు చెక్కుచెదరలేదు. దాని వెనుక గట్టి గణిత నమూనా ఉండటం, అది ఏ ఒక్క సంస్థ చేతిలోనూ ఉండిపోకుండా 1986 నుంచి ప్రామాణిక భాషగా స్థిరపడటం అందుకు కారణాలు. కాబట్టి ఒక సాఫ్ట్‌వేర్ పేరు బోర్డు ముందుకు వచ్చినప్పుడు, దాని వెనుక ఏ సూత్రం ఉంది, దాన్ని నేర్పితే ఆ సూత్రం విద్యార్థికి అబ్బుతుందా, లేక సూత్రం జోలికి వెళ్లకుండానే ఆ పనిముట్టును వాడేయవచ్చా అని అడగాలి. మొదటి రకాన్ని కోర్ పేపరులో ఉంచండి. రెండో రకాన్ని ల్యాబులోనో స్వల్పకాలిక కోర్సులోనో నేర్పితే చాలు.

పరిశ్రమ అడగని పాఠ్యాంశాల విషయంలోనూ కొంత ఉదారంగా ఉండమని కోరతాను. 1930లలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు నడిపే ఏ కంపెనీని అడిగినా, తమ ఇంజనీర్లకు జార్జ్ బూల్ తర్కశాస్త్రం, అంటే నిజం, అబద్ధం అన్న విలువలతో చేసే బీజగణితం, నేర్పమని చెప్పి ఉండేది కాదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో దాన్ని తెలుసుకొన్న క్లాడ్ షానన్, 1937లో తన మాస్టర్స్ సిద్ధాంత వ్యాసంలో విద్యుత్తుతో పనిచేసే స్విచ్చులైన రిలేల సర్క్యూట్లను ఆ బీజగణితంతోనే విశ్లేషించవచ్చని నిరూపించారు. డిజిటల్ సర్క్యూట్ల రూపకల్పనకు అదే పునాది. అప్పటి అవసరాలను మాత్రమే చూసి సిలబస్ రాసి ఉంటే ఆ తరగతి ముందే రద్దయ్యేది.

ఇక సమావేశాన్ని నడిపే పద్ధతి గురించి ఒక మాట. పరిశ్రమ ప్రతినిధిని “మేము ఏం నేర్పాలి?” అని అడిగితే ఆయన సాఫ్ట్‌వేర్ల జాబితా ఇస్తారు, ఆ ప్రశ్నకు అంతకన్నా మంచి జవాబు రాదు. “మీ దగ్గర చేరిన కొత్తవారు మొదటి ఆరు నెలల్లో ఎక్కడ తడబడ్డారు? ఆ సందర్భాలు రెండు మూడు చెప్పండి” అని అడిగి చూడండి. అప్పుడు వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి. మరొకరు రాసిన వేల పంక్తుల ప్రోగ్రామును చదివి అర్థం చేసుకోలేకపోయారనీ, తప్పు ఎక్కడుందో వెతికే పద్ధతి తెలియక తోచినచోటల్లా మార్చి చూశారనీ, పని గడువులోగా పూర్తికాదని తెలిసి కూడా ఆఖరి రోజు వరకు ఎవరికీ చెప్పలేదనీ అంటారు. వీటిలో ఒక్కటీ సాఫ్ట్‌వేర్ పేరు కాదు, అన్నీ కళాశాలలో నేర్పదగినవే. చదవడానికి ఇతరుల ప్రోగ్రాములు ఇవ్వకుండా నాలుగేళ్లూ సొంతంగా చిన్న చిన్న ప్రోగ్రాములు మాత్రమే రాయిస్తే మొదటి లోపం తీరదు.

త్వరగా మారే వాటి కోసం సిలబస్‌లో ఒకటి రెండు ఐచ్ఛిక స్థానాలను ఖాళీగా వదిలి, వాటిలో ఏం చెప్పాలో నిర్ణయించే అధికారాన్ని విభాగానికే ఇవ్వండి. పేపరు పేరు, క్రెడిట్లు, మూల్యాంకన విధానం బోర్డు నిర్ణయిస్తుంది. లోపలి విషయం మాత్రం సెమిస్టరు సెమిస్టరుకూ మారవచ్చు. ఈ ఒక్క ఏర్పాటు ఉంటే కోర్ పేపర్ల మీద ఒత్తిడి చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇప్పుడు ఇంజనీరింగ్‌లో చేరబోతోంది. నాలుగేళ్ల తరువాత ఏ బ్రాంచికి ఉద్యోగాలు ఎక్కువగా ఉంటాయో దయచేసి చెప్పగలరా?
— ఒక తండ్రి

జవాబు: చెప్పలేను. చెప్పగలమనేవారి మాట నమ్మవద్దని మాత్రం చెప్పగలను.

ఇందుకు తగిన ఆధారం ఉంది. అమెరికాలో ఇంజనీర్ల జీతాలనూ ఇంజనీరింగ్ ప్రవేశాలనూ పక్కపక్కన పెట్టి పరిశీలించిన ఆర్థికశాస్త్రవేత్త రిచర్డ్ ఫ్రీమన్ 1976లో ఒక నమూనాను ప్రతిపాదించారు. ఒక రంగంలో ఇంజనీర్ల కొరత ఏర్పడి జీతాలు పెరిగితే, ఆ ఏడాది ఎక్కువమంది ఆ శాఖలో చేరతారు. వారంతా బయటికి వచ్చేది నాలుగేళ్ల తరువాత, ఒకేసారి. అప్పుడు కావలసినవారికన్నా ఎక్కువమంది పోటీపడటంతో ఆరంభ జీతాలు పడిపోతాయి. దాన్ని చూసి ఆ తరువాతి విద్యార్థులు ముఖం తిప్పుకొంటారు. మరో నాలుగేళ్లకు మళ్లీ కొరత వస్తుంది. ఈ ఊగిసలాటకు మూలం ఎవరి తెలివితక్కువతనమూ కాదు, ఈనాటి జీతాన్ని చూసి నాలుగేళ్ల తరువాతి సంత కోసం నిర్ణయం తీసుకోవలసి రావడమే. కళాశాలలు కూడా గిరాకీ ఉన్న బ్రాంచిలో సీట్లు పెంచి, మిగతావి తగ్గించి ఆ ఊపును మరింత పెంచుతాయి.

కాబట్టి ఈ ఏడాది ప్లేస్‌మెంట్ల జాబితా చూసి బ్రాంచి ఎంచుకొనేవారు చాలాసార్లు గుంపుతో కలిసి లోపలికి వెళ్లి, గుంపుతో కలిసే బయటికి వస్తారు. మీ అమ్మాయికి ఏ విషయంలో లెక్కలు చేస్తున్నా, బొమ్మలు గీస్తున్నా, ప్రోగ్రాములు రాస్తున్నా విసుగు పుట్టదో ఆమెనే అడగండి. ఇష్టం ఉంటే ఉద్యోగం దానంతట అదే వస్తుందని నేను అనడం లేదు, అలాంటి తీపి మాటలకు ఆధారం లేదు. అయితే సంత దిగజారిన ఏడాది బయటికి వచ్చినప్పుడు నిలదొక్కుకొనేది తన విషయంలో లోతు ఉన్నవారే. కళాశాలను ఎంచుకొనేటప్పుడు మాత్రం ఒక పని చేయండి: అత్యధిక జీతం ఎంత అన్నది పక్కనపెట్టి, బ్యాచ్‌లో సరిగ్గా మధ్యలో ఉన్న విద్యార్థికి ఎంత వచ్చిందో, ప్లేస్‌మెంట్ శాతం లెక్కగట్టేటప్పుడు ఎంతమందిని “అర్హత లేనివారు”గా ముందే తీసివేశారో అడగండి.

ప్రశ్న: మా కోర్సులో ఆఖరి సెమిస్టరులో ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. చాలామంది రుసుము కట్టి ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. నిజమైన ఇంటర్న్‌షిప్‌కు వెళ్లిన కొందరు కూడా అక్కడ ఖాళీగా కూర్చున్నామనే అంటున్నారు. దీనివల్ల నిజంగా ప్రయోజనం ఉందా?
— మెకానికల్ విద్యార్థిని, మూడో సంవత్సరం

జవాబు: మీరు వర్ణించిన పద్ధతిలో అయితే లేదు. లోపం ఆ ఆలోచనలో లేదు, అమలులో ఉంది. ఈ ఆలోచన వయసు నూరేళ్లకు పైమాటే. 1906లో సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ అనే ఆచార్యుడు 27 మంది ఇంజనీరింగ్ విద్యార్థులతో సహకార విద్య అనే పద్ధతిని ప్రారంభించారు. విద్యార్థి కొంతకాలం తరగతిలో, కొంతకాలం కర్మాగారంలో మార్చి మార్చి గడపాలి. చేసిన పనికి కూలి ఉంటుంది. 1957లో కెనడాలో మొదలైన వాటర్లూ విశ్వవిద్యాలయం తొలి నుంచీ ఈ పద్ధతినే పట్టుకొని, తరగతి, పని నాలుగేసి నెలల చొప్పున మారేలా ఏర్పాటు చేసుకొంది. 1974లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో బాష్, డైమ్లర్ బెంజ్ వంటి సంస్థలు కలిసి ఇటువంటిదే మరో విద్యాలయాన్ని నెలకొల్పాయి. అదే ఇప్పుడు బాడెన్ వుర్టెంబర్గ్ ద్వంద్వ విశ్వవిద్యాలయంగా ఎదిగింది.

ఈ మూడింటిలోనూ విద్యార్థి పని నుంచి తరగతికి తిరిగి వస్తాడు. అసలు కిటుకు అక్కడే ఉంది. మీ రంగం నుంచే ఒక ఉదాహరణ చెబుతాను. ఇరుసు వ్యాసం 25 మిల్లీమీటర్లు అని డ్రాయింగులో వేసి, దానికి అనుమతించే తేడాను 0.1 అని రాసినా 0.01 అని రాసినా కాగితం మీద మారేది ఒక సున్నా మాత్రమే. వర్క్‌షాపులో ఆ సున్నా విలువ వేరు. మొదటిదాన్ని లేత్ మీద మామూలుగా తీసేయవచ్చు. రెండోదానికి చాలావరకు గ్రైండింగ్ యంత్రం ఎక్కించాలి, కొలవడానికి మైక్రోమీటరు పట్టుకోవాలి, అంత కచ్చితత్వం తేలేక పక్కన పడేసే ముక్కలూ పెరుగుతాయి. “ఇక్కడ ఇంత బిగువు ఎందుకమ్మా, ఇది దేనిలో కూర్చుంటుంది?” అని లేత్ దగ్గరి పనివాడు అడిగినప్పుడు జవాబు చెప్పలేక నిలబడిన విద్యార్థి, తిరిగి తరగతికి వచ్చి, కొలతల్లో ఎంత తేడాను అనుమతించాలో, భాగాలు ఒకదానిలో ఒకటి ఎంత బిగువుగా కూర్చోవాలో చెప్పే లిమిట్స్, ఫిట్స్ పాఠం విన్నప్పుడు ఆ పాఠం మునుపటిలా వినిపించదు. ఆఖరి సెమిస్టరులో ఇంటర్న్‌షిప్ పెడితే ఆ పాఠం అప్పటికే ముగిసిపోయి ఉంటుంది, ప్రశ్న పుట్టినా తీర్చుకొనే చోటు ఉండదు. అందుకే రెండో సంవత్సరం తరువాతి సెలవుల్లో చేసే ఆరు వారాల పని, ఆఖరున చేసే ఆరు నెలలకన్నా మేలని నా అభిప్రాయం.

మీ చేతిలో ఉన్నంతవరకు చేయగలిగింది ఇది. చోటు ఎంచుకొనే ముందు, నా పనిని రోజూ చూసేదెవరు, నేను చేసింది ఎవరైనా వాడతారా, తప్పు చేస్తే ఎవరికైనా తెలుస్తుందా అని అడగండి. మూడింటికీ సూటిగా జవాబు రాకపోతే పేరున్న పెద్ద సంస్థ అయినా వదిలేయండి. జవాబు వస్తే పదిమంది పనిచేసే చిన్న వర్క్‌షాపు అయినా చేరండి. అక్కడ రోజూ ఒక పుస్తకంలో ఏం చేశారు, ఎక్కడ ఆగిపోయారు, ఎవరు ఏం సరిదిద్దారు అన్నది తేదీతో రాసుకోండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌ను ఎవరూ రెండో నిమిషం చూడరు. ఆ పుస్తకంలోని ఒక పేజీ మీద పావుగంట మాట్లాడవచ్చు. డబ్బు కట్టి కొనే ప్రాజెక్టు సంగతి వేరే చెప్పనక్కరలేదు, “ఈ విలువ ఎందుకు ఎంచుకున్నారు?” అన్న మొదటి ప్రశ్నకే అది బయటపడిపోతుంది.

ప్రశ్న: నాకు చిన్న తయారీ సంస్థ ఉంది. కొత్తగా చేరిన పట్టభద్రులకు ఆరు నెలలు పని నేర్పిస్తాను. ఏడాది తిరిగేసరికి పెద్ద కంపెనీకి వెళ్లిపోతారు. కళాశాలలు చేయవలసిన పనికి నేనెందుకు ఖర్చు పెట్టాలి?
— ఒక పారిశ్రామికుడు

జవాబు: మీ బాధ న్యాయమైనదే, కానీ ఆ ఆరు నెలల్లో మీరు నేర్పేది అంతా కళాశాల చేయవలసిన పని కాదు. ఆర్థికశాస్త్రవేత్త గారీ బెకర్ 1960లలో శిక్షణను రెండుగా విడదీసి చూపారు. ఎక్కడికి వెళ్లినా పనికివచ్చేది ఒకటి, ఒక్క సంస్థలోనే పనికివచ్చేది మరొకటి. డ్రాయింగు చదవడం, కొలత సరిగా తీయడం మొదటి రకం. అవి రాకుండా పట్టా చేతికి ఇచ్చిన కళాశాలను మీరు నిందించవచ్చు. మీ యంత్రాల స్వభావం, మీ ముడిసరుకు గుణం, మీ కొనుగోలుదారు నాణ్యత విషయంలో పెట్టే పేచీలు రెండో రకం. వాటిని ప్రపంచంలో ఏ కళాశాలా నేర్పజాలదు, నేర్పకూడదు కూడా.

మొదటి రకం శిక్షణకు సంస్థలు సొంత డబ్బు పెట్టవని బెకర్ లెక్క. నేర్చినవాడు దాన్ని పట్టుకొని ఎక్కడికైనా వెళ్లిపోతాడు కదా. కానీ జర్మనీలో సంస్థలు దశాబ్దాలుగా అప్రెంటిసులకు భత్యమిచ్చి మరీ అలాంటి శిక్షణ ఇస్తున్నాయి. 1969 నాటి వృత్తి శిక్షణ చట్టం కింద మూడు వందలకు పైగా వృత్తులకు, యజమానులు, కార్మిక సంఘాలు, ప్రభుత్వం కలిసి కూర్చొని శిక్షణ నియమాలు రాస్తాయి. చివరి పరీక్షను శిక్షణ ఇచ్చిన సంస్థ పెట్టదు, వాణిజ్య పారిశ్రామిక మండళ్లు, చేతివృత్తుల మండళ్లు నిర్వహిస్తాయి. ఇన్ని సంస్థలు శిక్షణ ఇస్తున్నప్పుడు ఒకరు వెళ్లిపోయినా మరొకరు ఎక్కడో తయారై ఉంటారు.

దీనికి మరో కారణాన్ని అసెమోగ్లు, పిష్కే అనే ఆర్థికశాస్త్రవేత్తలు 1998లో చూపారు. శిక్షణ కాలంలో ఆ కుర్రవాడి పనితనం, ఓపిక, నిజాయితీ యజమానికి తెలిసినంతగా బయటివారికి తెలియవు. ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని పోనివ్వాలో తేల్చుకొనే వీలు అతనికి దక్కుతుంది. శిక్షణ ఖర్చులో కొంత అలా తిరిగి వస్తుంది. మీరు ఆ వీలును వాడుకుంటున్నారా? అందరికీ ఏడాది చివర ఒకే జీతం పెంపు ఇస్తుంటే, మీరు నేర్పినవారిలో అందరికన్నా మంచివాడే మొదట వెళ్లిపోతాడు. ఎవరు నిలబడదగినవారో మీకు ఆరో నెలలోనే తెలుస్తుంది కాబట్టి పెంపు కూడా ఆరో నెలలోనే ఇవ్వండి. మీ ప్రాంతంలో మీలాంటి చిన్న సంస్థలు ఏడెనిమిది ఉంటే, మొదటి రకం శిక్షణను ఒక పాలిటెక్నిక్ వర్క్‌షాపులో ఉమ్మడిగా ఏర్పాటు చేసి ఖర్చు పంచుకోండి. ఒంటరిగా మోస్తున్నంత కాలం ఆ భారం మీకు ఎక్కువగానే ఉంటుంది.

ప్రశ్న: నేను చరిత్ర చదువుతున్నాను. ఉద్యోగ నైపుణ్యాల గురించిన ఈ చర్చంతా వింటుంటే తప్పు చేశానేమో అనిపిస్తోంది.
— డిగ్రీ విద్యార్థి

జవాబు: మొదటి ఉద్యోగం దొరకడానికి మీకు ఎక్కువ సమయం పట్టవచ్చు, ఆ మాట దాచడం మర్యాద కాదు. అయితే ఆట మొదటి ఉద్యోగంతో ముగియదు. అమెరికాలో ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్ వంటి అనువర్తిత సాంకేతిక పట్టాలు పొందినవారి జీతాలను పరిశీలించిన డెమింగ్, నోరే అనే పరిశోధకులు, ఆరంభంలో వారికుండే జీతపు ఆధిక్యం ఉద్యోగ జీవితపు తొలి పదేళ్లలోనే సగానికి పైగా కరిగిపోతుందని గమనించారు. వారు నేర్చిన నైపుణ్యాలు త్వరగా పాతబడటమే కారణం. పదకొండు దేశాల సమాచారంతో హనుషెక్, మరి కొందరు 2017లో ప్రచురించిన పరిశీలన కూడా ఇలాంటిదే చెప్పింది: వృత్తి విద్య చదివినవారు యవ్వనంలో ముందుంటారు, వయసు పెరిగేకొద్దీ ఉపాధిలో ఆ ఆధిక్యం తగ్గుతుంది. కాబట్టి చరిత్రను మానవద్దు. దానితోపాటు గణాంకశాస్త్రం ఒక పేపరు తీసుకోండి, పాత పత్రాల్లో దొరికే సంఖ్యలను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి విశ్లేషించడం నేర్చుకోండి. పరస్పరం విరుద్ధమైన ఆధారాలను తూచి, ఒక నిర్ణయానికి వచ్చి, పది పేజీల్లో స్పష్టంగా రాయగలగడం మీ చదువు మీకు ఇచ్చే నైపుణ్యం. దరఖాస్తులో ఆ వాక్యం రాస్తే చాలదు, ఆ పది పేజీలనే జతచేయండి.

ప్రశ్న: మా ఆఫీసులో గుమాస్తా పనికి కూడా డిగ్రీ అడుగుతున్నారు. ఆ పనికి డిగ్రీలో నేర్చింది ఏదీ అక్కరకు రాదు. ఎందుకిలా?
— ఒక ఉద్యోగిని

జవాబు: పట్టాను జ్ఞానానికి గుర్తుగా కాక, వడపోతకు జల్లెడగా వాడటం వల్ల. మైకేల్ స్పెన్స్ 1973లో ఈ వ్యవహారాన్ని విశ్లేషించారు. 2001లో ఆయనకు లభించిన నోబెల్ బహుమతికి ఆ పరిశోధన ప్రధాన కారణం. అభ్యర్థి సామర్థ్యం యజమానికి నేరుగా కనిపించదు కాబట్టి, మూడేళ్లు క్రమం తప్పకుండా చదివి పరీక్షలు దాటినవాడు పనిలోనూ కుదురుగా ఉంటాడని ఊహించుకొంటాడు. పట్టాలు అందరి చేతిలోకీ వచ్చిన కొద్దీ జల్లెడ కన్నం చిన్నదవుతుంది. నిన్న డిగ్రీ చాలిన చోట రేపు పీజీ అడుగుతారు. దీనికి విరుగుడు యజమానుల చేతిలోనే ఉంది. ఆ పనికి సంబంధించిన గంటసేపటి పరీక్ష పెట్టుకొంటే జల్లెడ అవసరం తగ్గుతుంది. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్ర ప్రభుత్వం 2022లో వేలాది ప్రభుత్వోద్యోగాలకు నాలుగేళ్ల డిగ్రీ నిబంధనను తీసివేసింది.

ప్రశ్న: చదువు ముగిసేసరికి విద్యార్థికి ఏం రావాలో ముందే నిర్ణయించే ఫలితాధారిత విద్య పేరుతో ప్రతి పాఠ్యాంశానికీ లక్ష్యాలు రాసి, పట్టికల్లో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని సూచించే 1, 2, 3 అంకెలు నింపుతున్నాం. సిలబస్ మారింది, పట్టికలు వచ్చాయి, విద్యార్థి మాత్రం మారలేదు. లోపం ఎక్కడుంది?
— సివిల్ ఇంజనీరింగ్ సహాయ ఆచార్యురాలు

జవాబు: ప్రశ్నపత్రంలో ఉంది. 1989లో ఆరు దేశాల్లో ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే అక్రెడిటేషన్ సంస్థలు వాషింగ్టన్ ఒప్పందం కుదుర్చుకొన్నాయి. ఒక దేశంలో గుర్తింపు పొందిన ఇంజనీరింగ్ పట్టాను మిగతావారూ గుర్తించడం దాని ఉద్దేశం. పట్టభద్రుడికి ఉండవలసిన లక్షణాల జాబితా ఆ ఒప్పందం చుట్టూ క్రమంగా రూపుదిద్దుకొంది: సమస్యను విశ్లేషించడం, పరిష్కారాన్ని రూపొందించడం, బృందంలో పనిచేయడం, వివరించి చెప్పగలగడం, వృత్తి నీతి, జీవితాంతం నేర్చుకోవడం వంటివి. జాబితా మంచిదే. కానీ “వివరించండి, వర్ణించండి” అన్న పాత ప్రశ్నలే పరీక్షలో వస్తుంటే, ఆ లక్షణాలలో దేన్నీ మనం కొలవడం లేదు. కొలవని దానికి పట్టికలో 3 వేయడం కంటితుడుపు. విద్యార్థి సిలబస్ చదవడు, పాత ప్రశ్నపత్రాలు చదువుతాడు. అందులో అతని తప్పేమీ లేదు.

మీ విషయం నుంచే ఒక ప్రశ్న తీసుకొందాం. “కాంక్రీటు మిశ్రమ రూపకల్పన దశలను వివరించండి” అన్న ప్రశ్నకు బదులు ఇలా అడగండి: ఘనపు మీటరుకు 400 కిలోల సిమెంటు, 180 లీటర్ల నీటితో 75 మిల్లీమీటర్ల స్లంప్ (పచ్చి కాంక్రీటు ఎంత జారుడుగా ఉందో చెప్పే కొలత) వచ్చేలా మిశ్రమాన్ని రూపొందించారు. పని స్థలంలో తీసిన స్లంప్ 160 వచ్చింది. మేస్త్రీ “పంపు సరిగా లాగడం లేదని కొంచెం నీరు పోశాం” అన్నాడు. రికార్డు ప్రకారం అది ఘనపు మీటరుకు సుమారు 40 లీటర్లు. ఇరవై ఎనిమిదో రోజు పరీక్ష కోసం పోతపోసిన కాంక్రీటు ఘనాల బలం తక్కువ వచ్చింది. ఏం జరిగిందో లెక్కతో చూపి, సైట్ ఇంజనీరుకు పది పంక్తుల్లో నివేదిక రాయండి. నీరు, సిమెంటు నిష్పత్తి 0.45 నుంచి 0.55కు ఎగబాకిందని విద్యార్థి కనిపెట్టాలి. బలం ఎందుకు తగ్గిందో, నీరు కలపకుండా పంపు చేయడానికి నీరు పెంచకుండానే కాంక్రీటును పలుచన చేసే ప్లాస్టిసైజర్ వంటి ఏ మార్గాలున్నాయో చెప్పాలి. మేస్త్రీని నిందించకుండా, విషయం దాచకుండా రాయాలి. విశ్లేషణ, వివరించి చెప్పడం, వృత్తి నీతి మూడూ ఒక్క ప్రశ్నలో పరీక్షకు వచ్చాయి. రూపకల్పన దశలు తెలియనివాడు దీనికి జవాబు రాయలేడు కాబట్టి పాత పాఠమూ ఎక్కడికీ పోలేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇలాంటి జవాబును దిద్దడానికి మామూలు జవాబుకన్నా చాలా ఎక్కువ సమయం పడుతుంది. రోజుకు ఇన్ని పత్రాలు దిద్దాలన్న లక్ష్యం మారకపోతే మూల్యాంకనదారు చివరి అంకె ఒక్కటే చూసి మార్కులు వేసేస్తాడు. తరగతిలో ఎన్నడూ చూడని ప్రశ్న నేరుగా పరీక్షలో వస్తే విద్యార్థులు గగ్గోలు పెడతారు, వారి గోల న్యాయమే. కాబట్టి మొదటి ఏడాది పత్రంలో ఇలాంటి ప్రశ్న ఒక్కటే పెట్టండి, అలాంటివే నాలుగైదు నమూనాలు సెమిస్టరు మొదటి వారంలోనే ఇవ్వండి. నిష్పత్తి లెక్క తప్పినా తర్కం సరిగా ఉంటే ఎన్ని మార్కులు వేయాలో మూల్యాంకన సూచనల్లో ముందే రాసిపెట్టండి. ఆ సూచనలను విద్యార్థులకు కూడా చూపించండి.